ఎవరూ రాని మైదానంలో నాలుగు ఓటములు

"అన్నీ వద్దు, నాలుగిస్తే చాలు," అన్నారు మా ఆయన.

"ఒకటి కూడా ఇవ్వను."

"నిన్న రెండిస్తానన్నావు."

"నిన్న మీరు దిండ్లు కావాలన్నారు. కోస్తానని చెప్పలేదు."

సోఫా దిండ్ల గురించి మా ఇంట్లో ఈ మాటలు మొదలై అప్పటికి మూడు రోజులైంది. ఆ దిండ్లకు నేను గలీబులు కుట్టి, అంచుకు లేసు వేసి, పండక్కి తప్ప ఎవరినీ ఆనుకోనివ్వకుండా దాచుకున్నాను. ఆయన చేతిలో కూరగాయలు తరిగే కత్తి ఉంది. నా చేతిలో దిండుంది. ఇద్దరం గొంతు పెంచకుండానే మాట్లాడుకుంటున్నాం, ఎందుకంటే పక్కగదిలో మా అమ్మాయి ప్రణవి చదువుకుంటోంది.

మా మావయ్యగారు పేపరు కిందకి దించారు. ఆయన ముప్ఫై రెండేళ్ళు బస్సు కండక్టరుగా చేశారు. ఎవరైనా మాట్లాడుతుంటే, టికెట్ లేని మనిషిని చూసినట్టు చూస్తారు.

"ఒరేయ్ పెద్దిరాజూ, దిండ్లు కోసి ఏం చేస్తావురా?"

"లోపలి స్పాంజి పిల్లల భుజాలకి కట్టాలి నాన్నా. ఈ ఆటలో గుద్దుకుంటారు."

"ఎవర్ని?"

"అవతలి జట్టుని."

"అవతలి జట్టెక్కడుంది?"

మా ఆయన కత్తి రెండో చేతిలోకి మార్చుకున్నారు. నా చేతిలోంచి దిండు మెల్లగా లాక్కున్నారు.

ఆయన అత్తిలి రోడ్డులో ఉన్న సువర్ణాంజలి ఇంజినీరింగ్ కళాశాలలో పీడీ. అంటే పిల్లలను ఆడించే మాస్టారు. పంతొమ్మిదేళ్ళుగా కబడ్డీ ఆడించారు. సువర్ణాంజలి కబడ్డీ జట్టు వస్తోందంటే చుట్టుపక్కల నాలుగు మండలాల్లో అవతలి వాళ్ళు ముందురోజే మోకాళ్ళకు నూనె రాసుకునేవారు. కానీ కాలేజీలకు గ్రేడులిచ్చే తనిఖీ బృందం వారు ఆ ఏడాది తమ ఫారంలో ఒక కొత్త గడి చేర్చారు. 'సంస్థ ఏదేని అంతర్జాతీయ క్రీడయందు పూర్తి సీజన్ నిర్వహించినదా? అవును అయినచో నలభై మార్కులు.'

స్టాఫు మీటింగులో మా ఆయన లేచి, కబడ్డీ కూడా అంతర్జాతీయమే కదండీ అన్నారట. కరస్పాండెంట్ గారు జాలిగా నవ్వారు. ఆయన రైసు మిల్లు నడిపి, అది బాగా నడిచాక విద్యారంగానికి వచ్చిన మనిషి.

"కబడ్డీ మన పెరట్లో ఆడుకునేదండీ పీడీగారూ. పెరట్లోది అంతర్జాతీయం ఎలాగవుద్దండీ? మనం పెట్టే ఆట ఇక్కడెవరికీ తెలియకూడదు. చూసినా అర్థం కాకూడదు. అదీ స్టాండర్డంటే."

ఏ ఆట అయితే ఎవరికీ అర్థం కాదు అన్నదాని మీద గంటసేపు చర్చ జరిగింది. చివరికి ప్రిన్సిపాల్ గారు తీర్మానం చదివారు. 'కళాశాలయందు అమెరికన్ ఫుట్‌బాల్ క్రీడను తక్షణమే, తగిన పూర్వానుభవంతో సహా, ప్రారంభించుటకు ఏకగ్రీవంగా తీర్మానించడమైనది.'

ఆ పూర్వానుభవం సంపాదించే బాధ్యత మా ఆయన మీద పడింది. రోజూ ఫోనులో ఆ ఆట వీడియోలు చూసి, భోజనాల బల్ల మీద ఉప్పుడబ్బా, ఆవకాయ జాడీ, గ్లాసులు అటూ ఇటూ జరిపి నేర్చుకున్నారు. జట్టుకి పదకొండు మంది కావాలి. కబడ్డీ వాళ్ళు ఏడుగురున్నారు. మిగతా నలుగురినీ హాస్టలు మెస్సులో రెండోసారి అన్నం అడిగిన వాళ్ళలోంచి ఎంచారు. మోటారు సైకిలు హెల్మెట్లకు కిటికీ గ్రిల్లులు చేసే షాపులో ముందు ఊచలు వెల్డింగ్ చేయించారు. భుజాలకు మా సోఫా వెళ్ళింది.

బంతి మాత్రం అసలుదే వచ్చింది, కొరియర్లో. గుమ్మడిగింజ ఆకారంలో, ఎర్రగా, చక్కగా ఉందట. కరస్పాండెంట్ గారు దాన్ని రెండు చేతులా అందుకుని, ప్రిన్సిపాల్ గదిలో అద్దాల బీరువాలో పెట్టించి తాళం వేయించారు. తనిఖీ బృందం చూసేదాకా దాని మీద గీత కూడా పడకూడదన్నారు. అందుకని పిల్లలు పీచు ఒలవని కొబ్బరికాయతో ఆడారు. ఆకారం సుమారుగా అదే. బరువే కొంచెం ఎక్కువ. కాయ గాల్లో ఉండగా పట్టుకోవలసిన వాడు ముందు కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకునేవాడు.

కాయతో పరుగెత్తే పని మోషేది. సివిల్ నాలుగో సంవత్సరం. వాళ్ళమ్మ రొయ్యల షెడ్డులో తలలు తీసే పనికి వెళుతుంది. ఇంట్లో ఇంజినీరింగ్ దాకా వచ్చిన మొదటి మనిషి అతనే. కబడ్డీ కూతకు వెళితే ఇద్దరినైనా తాకకుండా తిరిగొచ్చేవాడు కాదు. ఆ తిరిగి రావడమే ఇక్కడ చిక్కు తెచ్చింది. ఈ ఆటలో కాయ తీసుకుని అటు చివరి గీత దాటితే పని అయిపోయినట్టే. మోషే గీత దాటేవాడు. దాటాక, ఊపిరి బిగపట్టి, అదే వేగంతో కాయ పట్టుకుని మళ్ళీ మన వైపు గీతకి వచ్చేసేవాడు.

"అక్కడే ఆగిపోవాలిరా," అనేవారు మా ఆయన.

"ఆయ్, అక్కడుండిపోతే అవుటైపోతాం కదండి," అనేవాడు మోషే.

పన్నెండేళ్ళుగా కాళ్ళకున్న అలవాటు, చెప్తే పోతుందా. పైగా కూత కూడా ఆగలేదు. హెల్మెట్ లోంచి సన్నగా 'కబడ్డీ కబడ్డీ' అని వినపడుతూనే ఉండేది.

సీజన్ అంటే ఎనిమిది మ్యాచ్‌లు ఆడాలని ఫారంలో ఉంది. ప్రిన్సిపాల్ గారు ఎనిమిది కాలేజీలకు ఆహ్వానాలు పంపారు. ఏడింటి నుంచి జవాబు లేదు. ఎనిమిదో కాలేజీ వాళ్ళు, తమ దగ్గర ఖోఖో జట్టుంది, పనికొస్తుందా అని అడిగారు. ప్రిన్సిపాల్ గారు రెండు రోజులు తలుపులేసుకుని ఆలోచించి ఒక సర్క్యులర్ తీశారు. 'ఆహ్వానింపబడియు హాజరుకాని జట్టు ఓడిన జట్టుగా పరిగణింపబడును. అయితే మన జట్టు విధిగా హాజరై, పూర్తి సమయము ఆడవలెను. వీడియో తీయించవలెను.'

మొదటి మ్యాచ్‌కి మా ఇంటిల్లిపాదీ వెళ్ళాం. షామియానా వేశారు. కుర్చీలకు తెల్లగుడ్డలు తొడిగారు. మైదానంలో ఇటు సగంలో పదకొండు మంది పిల్లలు ఊచల హెల్మెట్లు, మా సోఫా భుజాలూ పెట్టుకుని నిలబడ్డారు. అటు సగంలో గడ్డి ఉంది. ప్రిన్సిపాల్ గారు టాస్ వేయడానికి రూపాయి తీసి ఆగిపోయారు. అవతలి జట్టు తరఫున బొమ్మా బొరుసూ ఎవరడుగుతారు? లైబ్రేరియన్ గారిని నియమించారు. ఆయన బొమ్మ అన్నారు, బొమ్మే పడింది.

దాంతో రాని జట్టు టాస్ గెలిచింది.

గెలిచిన వాళ్ళు ముందు కాయ తీసుకుంటారా, మాకు ఇస్తారా చెప్పాలి. చెప్పేవాళ్ళు లేరు. వారి నిర్ణయం కోసం రూల్సు ప్రకారం పావుగంట వేచి చూశాం. ఎండ మండిపోతోంది. మావయ్యగారు కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని ఖాళీ సగం వైపు చూస్తూ, "బస్సు దొరికినట్టు లేదమ్మా వాళ్ళకి," అన్నారు నాతో.

ఆ తర్వాత గంటసేపు మన వాళ్ళు ఎదురులేకుండా ఆడారు. రెండుసార్లు వాళ్ళలో వాళ్ళే గుద్దుకుని పడ్డారు. మోషే పద్నాలుగు సార్లు అటు గీత దాటి, పద్నాలుగు సార్లూ తిరిగొచ్చాడు. చివర్లో కరస్పాండెంట్ గారు అందరికీ బంతిపూల దండలు వేసి, క్రీడాస్ఫూర్తి గురించి ప్రసంగించారు. ఓడిన జట్టు నిరుత్సాహపడకూడదని అటు సగం వైపు తిరిగి చెప్పారు.

ఎనిమిది శనివారాలు అలాగే గడిచాయి. ఎనిమిదింటికి ఎనిమిదీ గెలిచాం. బస్టాండు దగ్గర ఫ్లెక్సీ కట్టారు: 'సువర్ణాంజలి సింహాల జైత్రయాత్ర.' దాని మీద మా ఆయన ఫొటో కూడా ఉంది. కూరల బజారులో ముగ్గురు నన్ను ఆపి అభినందించారు. కాదంటే బాగుండదని అందుకున్నాను.

అప్పుడు హైదరాబాదు నుంచి సలహాదారు గారు వచ్చారు. అసలు తనిఖీకి ముందు కాగితాలన్నీ చూసి, మార్కులు ఎక్కడ పోతున్నాయో చెప్పడం ఆయన వృత్తి. ల్యాప్‌టాప్ తెరిచి ఎనిమిది విజయాలూ చూసి పెదవి విరిచారు.

"ఇందులో అభ్యసన ఫలితం ఎక్కడుందండీ? పురోగతి రేఖ కింద మొదలై పైకి వెళ్ళాలి. మీది మొదటి రోజు నుంచీ పైన పడుకునే ఉంది. ఏమీ నేర్చుకోలేదనేగా అర్థం? మొదటి నాలుగూ ఓటములుగా మార్చండి."

"గెలిచినవి ఓడిపోయామని ఎలా రాస్తామండీ?" అని అడిగారు మా ఆయన.

"గెలిచినప్పుడు అవతల ఎవరైనా ఉన్నారా?"

"లేరండి."

"మరి ఓడటానికి ఎవరైనా ఎందుకుండాలి?"

సలహాదారు గారు అక్కడికక్కడే స్కోర్లు చెప్పి రాయించారు. మొదటిది ఇరవై ఒక్క పాయింట్ల తేడాతో, తర్వాత పద్నాలుగు, తర్వాత ఏడు, నాలుగోది మూడు పాయింట్లతో దురదృష్టవశాత్తు ఓడాం. బస్టాండులో ఫ్లెక్సీ మారింది: 'ఓటమి నుంచి గెలుపు బాటలో సువర్ణాంజలి సింహాలు.' బజారులో ఆ ముగ్గురే నన్ను ఓదార్చారు.

అంతటితో ఆగితే నేను ఇది రాసే పనుండేది కాదు. ఓటమి ఉంటే దాని కింద ఇంకో గడి ఉంది. 'వైఫల్యమునకు బాధ్యులను గుర్తించి దిద్దుబాటు చర్య గైకొనబడినదా? అవును అయినచో పది మార్కులు.'

ఈలోగా కరస్పాండెంట్ గారు ఆ కాగితం చూశారు. ఆ నాలుగు మ్యాచ్‌లకీ గెలిచారని దండలు వేసింది ఆయనే. కానీ అచ్చులో 'ఓటమి' అన్న మాట నాలుగుసార్లు కనపడేసరికి ఆయనకి నిజంగానే గుండె తరుక్కుపోయింది.

"నా గ్రౌండులో, నా షామియానా కింద, నాలుగుసార్లా? ఎవడండీ దీనికి బాధ్యుడు?"

ముగ్గురితో విచారణ సంఘం వేశారు. సివిల్ శాఖాధిపతి గారు అధ్యక్షులు, హాస్టల్ వార్డెన్, లైబ్రేరియన్ సభ్యులు. లైబ్రేరియన్ గారు తాను అవతలి జట్టు తరఫున టాస్ అడిగిన మనిషినని, విచారణలో కూర్చోవడం ధర్మం కాదని విన్నవించుకున్నారు. ఆయన్ని అవతలి జట్టు పరిశీలకుడిగా కూర్చోబెట్టారు.

మూడు రోజులు వీడియోలు చూశారు. బాధ్యుణ్ణి పట్టారు. తెరమీద ఎంత వెనక్కి తిప్పి చూసినా, కాయను అటు గీత దాటించినవాడూ, మళ్ళీ ఇటు మోసుకొచ్చినవాడూ ఒక్కడే.

విచారణ రోజున మా ఆయన కూడా ఆ గదిలో ఉన్నారు. సాయంత్రం ఇంటికొచ్చి కాళ్ళు కూడా కడుక్కోకుండా మాకు చెప్పారు.

"సాధించిన పాయింట్లను తిరిగి వెనక్కి ఎందుకు తెచ్చావు?" అని అడిగారట శాఖాధిపతి గారు.

"అలవాటండి. కబడ్డీలో తిరిగి రావాలండి."

"అంటే కళాశాల ఆస్తియైన పాయింట్లను అలవాటుగా తరలించావని ఒప్పుకుంటున్నావు."

"అయ్య బాబోయ్, పాయింట్లు కాదండి. కొబ్బరికాయండి."

"నీకు ఎదురుగా ఎంతమంది ఉన్నారు?"

"ఎవరూ లేరండి."

"ఎవరూ లేకపోతేనే నాలుగు ఓడావు. ఉంటే ఎన్ని ఓడేవాడివి?"

మోషే కాసేపు లెక్కేసుకున్నాడట. తర్వాత, "ఆ రోజుల్లో మనం గెలిచామన్నారు కదండి, దండలేశారు కదండి," అన్నాడట. దాన్ని 'విచారణాధికారుల ఎడల ధిక్కార వైఖరి'గా రాసుకున్నారు.

తీర్పు ఒక్క పేజీ. మోషేని ఆ సెమిస్టరుకు సస్పెండ్ చేయాలి. హాల్ టికెట్ నిలిపివేయాలి. చివరి పరీక్షలు సోమవారం మొదలు. హాల్ టికెట్ లేకపోతే అతనికి ఏడాది పోతుంది. తీర్పు చెల్లాలంటే కింద 'శిక్షకుని సిఫార్సు' అన్నచోట మా ఆయన సంతకం కావాలి.

ఆ కాగితం తెచ్చి బల్ల మీద పెట్టారు. అది గురువారం.

ఇక్కడ నా సంగతి కూడా చెప్పాలి. "పెట్టండి సంతకం," అన్నాను నేను.

మా ఆయన తలెత్తి చూశారు.

"మనమ్మాయి అక్కడ చదువుతోంది. స్టాఫు పిల్ల అని సీటిచ్చారు. ఇంకా రెండేళ్ళుంది. వాడికి పోయేది ఒక్క ఏడాది. పోతే వచ్చే ఏడు రాసుకుంటాడు."

"అమ్మా!" అంది ప్రణవి.

"నువ్వు లోపలికెళ్ళి చదువుకో."

"మోషే అన్నయ్య వాళ్ళమ్మ రోజూ ఐసు నీళ్ళలో చేతులు పెడుతుందమ్మా. ఇంకో ఏడాదంటే..."

"ఐసు నీళ్ళలో నేను పెట్టమన్నానా? మీ నాన్న ఉద్యోగం నువ్విస్తావా?"

ఇలాంటి మాటలు అనేటప్పుడు గిన్నెలు కడుగుతూ అంటే కొంచెం తేలిగ్గా వస్తాయి. కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగాను. మావయ్యగారు టికెట్ లేని మనిషిని చూసినట్టు నా వైపు చూశారు. ఆ చూపు నాకు నచ్చలేదు.

శుక్రవారం మా ఆయన నిజం రాసి తీసుకెళ్ళారు. ఎనిమిది మ్యాచ్‌లలో ఒక్కటి కూడా జరగలేదని, గెలిచినవీ ఓడినవీ కూడా లేవని, పిల్లలు శనివారాలు ఎండలో పరుగెత్తారని. ప్రిన్సిపాల్ గారు అది ఓపికగా చదివారు. ఆయన చెడ్డవారు కాదు. ఎనిమిది మ్యాచ్‌లకీ మంచినీళ్ళు ఏర్పాటు చేసింది ఆయనే.

"బాగా రాశారు పెద్దిరాజు గారూ. కానీ దీన్ని ఏ గడిలో ఎక్కించమంటారు? ఫారంలో గెలుపుకి గడి ఉంది. ఓటమికి ఉంది. డ్రాకి కూడా ఉంది. జరగలేదు అన్నదానికి గడి లేదండి."

"కింద ఖాళీ ఉంది కదండీ, అక్కడ రాద్దాం."

"అది ముద్ర వెయ్యడానికండి."

సలహాదారు గారు పక్కనే కూర్చున్నారు. ఆయన కూడా మెత్తగానే చెప్పారట. "పీడీగారూ, మాకు మోషే మీద కోపం లేదు. ఆ అబ్బాయి ఎవరో కూడా నాకు తెలీదు. గడిలో ఒక మనిషి పేరుండాలి, అంతే. ఖాళీగా వదిలితే పది మార్కులు పోతాయి. పైగా గడి ఖాళీగా ఉంటే అందరి మీదా అనుమానం వస్తుంది."

రేపు మధ్యాహ్నం పన్నెండుకి కాగితం ఇచ్చెయ్యాలన్నారు. మా ఆయన ఇంటికొచ్చి, అన్నం తిని, పడుకున్నారు. నేను ఏమీ అడగలేదు. అడిగితే సంతకం పెడుతున్నానని చెప్తారని భయం. పెట్టడం లేదని చెప్తారనీ భయమే.

శనివారం ఆయన ఒంటిగంట దాటాక వచ్చారు. బెండకాయ వేపుడు, చారు చేశాను. అందరం కూర్చున్నాం. మావయ్యగారు, ప్రణవి, ఆయన. నేను వడ్డిస్తున్నాను. ఆయన వేపుడు రెండోసారి వేయించుకున్నారు. ఆకలిగానే ఉన్నట్టున్నారు. అది చూసి, సంతకం పెట్టేశారన్నమాట అనుకున్నాను. గుండె తేలికపడింది. ఆ తేలికపడడం ప్రణవి చూసిందేమోనని తల దించుకున్నాను.

"మోషే హాల్ టికెట్ తీసుకున్నాడు," అన్నారు ఆయన.

గరిటె నా చేతిలోనే ఉండిపోయింది.

"మరి గడి?" అన్నారు మావయ్యగారు.

"గడిలో పేరుంది నాన్నా. శిక్షకుడు రూల్సు సరిగ్గా నేర్పలేదు, నాలుగు ఓటములకూ అతనే బాధ్యుడు అని రాసి, నేనే సంతకం పెట్టాను. సలహాదారు గారు మెచ్చుకున్నారు. స్వయంగా ఒప్పుకుంటే పదికి పదీ వస్తాయట."

"నాలుగూ నువ్వే ఓడానన్నావా?"

"నాలుగూ."

మావయ్యగారు చారులో అన్నం కలుపుకున్నారు. చాలాసేపు కలుపుకున్నారు.

ప్రణవి నా వైపు చూడలేదు. నాన్న వైపు చూసింది. "మరి దిద్దుబాటు చర్య?" అంది.

"తీసుకున్నారు." ఆయన మా ముగ్గురినీ ఒకసారి చూసి, గొంతు పెంచకుండా, రేపు కూర ఏమిటో చెప్పినట్టు చెప్పారు. "సోమవారం మోషే పరీక్షకి వెళతాడు. నేను కాలేజీకి వెళ్ళను."